పారిస్ గల్లీల హిసాబ్ రాసిన ఫోటోగ్రాఫర్ యూజీన్ అట్జే

1927 ఆగస్టు 4న పారిస్‌లోని ఒక అద్దె ఇంట్లో 70 ఏళ్ల ముసలాయన కన్నుమూశాడు. పేరు యూజీన్ అట్జే. పిల్లలు లేరు. భార్యలా కలిసి బతికిన వాలెంటీన్ అంతకు ఏడాది ముందే పోయింది. ఇంట్లో మిగిలింది ఒక పాత చెక్క కెమెరా, అల్మారాల నిండా గాజు నెగెటివ్‌లు, వేల సంఖ్యలో ప్రింట్లు. ఇవి ఏం విలువ చేస్తాయో ఆ వీధిలో చాలామందికి తెలియదు.

ఇవాళ ఆ ప్రింట్లు ప్రపంచంలోని పెద్ద పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి. ఫోటోగ్రఫీ చదువుకునే ప్రతి స్టూడెంట్‌కూ ఆయన పేరు చెబుతారు. ఆయన మాత్రం బతికున్నన్నాళ్లూ తాను కళాకారుణ్ణని ఎప్పుడూ చెప్పుకోలేదు. డాక్యుమెంట్లు అమ్ముకునే వ్యాపారిగానే ఉన్నాడు. రాజులను తీయలేదు, నాయకులను తీయలేదు. ఎవరూ తలెత్తి చూడని పాత గుమ్మాలు, మెట్లు, బావులు, దుకాణాల బోర్డులు, గల్లీ మూలలు, తోపుడు బండ్లు తీశాడు. సుమారు 35 ఏళ్లు ఇదే పని. ఆయన తీసిన నెగెటివ్‌లు 8 వేలకు పైనే.

అనాథ నుంచి నటుడిదాకా

అట్జే 1857 ఫిబ్రవరి 12న ఫ్రాన్స్‌లో బోర్డో నగరానికి దగ్గరలోని లిబూర్న్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి గుర్రపు బళ్లు తయారుచేసే పనివాడు. అట్జేకు ఐదేళ్లు ఉన్నప్పుడు తండ్రి పోయాడు. కొద్దికాలానికే తల్లి కూడా పోయింది. అమ్మమ్మ, తాతయ్య బోర్డోలో పెంచారు. చదువు అయ్యాక ఓడల్లో పనికి కుదిరి కొన్నాళ్లు సముద్రం మీద తిరిగాడు.

కానీ మనసంతా నాటకాల మీదే ఉంది. 1878లో పారిస్ వచ్చి ప్రభుత్వ నాటక కళాశాల ప్రవేశ పరీక్ష రాశాడు, ఫెయిలయ్యాడు. మళ్లీ ప్రయత్నించి 1879లో సీటు సంపాదించాడు. అదే సమయంలో మిలిటరీ సర్వీసు కూడా చేయాల్సి వచ్చింది. అప్పట్లో ఫ్రాన్స్‌లో అది తప్పనిసరి. పగలు సైన్యం, మిగిలిన టైంలో క్లాసులు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టయింది. 1881లో కాలేజీ నుంచి తీసేశారు.

ఆ తర్వాత ఊరూరా తిరిగే చిన్న నాటక బృందాల్లో చేరాడు. హీరో వేషాలు దొరికే మొహం కాదు, చిన్న చిన్న పాత్రలే. అక్కడే 1886లో వాలెంటీన్ అనే నటి పరిచయమైంది. ఆయన కంటే పదేళ్లు పెద్ద. నలభై ఏళ్లు ఇద్దరూ కలిసే ఉన్నారు. 1887లో గొంతుకు జబ్బు చేసి అట్జే స్టేజీ వదిలేయాల్సి వచ్చింది. నటుడికి గొంతే పెట్టుబడి, అది పోయింది. కొన్నాళ్లు బొమ్మలు వేసి చూశాడు, అదీ కలిసిరాలేదు. ముప్పై దాటింది, చేతిలో పనంటూ లేదు. అప్పుడు కెమెరా పట్టుకున్నాడు.

కళాకారులకు సరుకు అమ్మిన దుకాణం

1890లో పారిస్‌లో స్థిరపడి, తలుపు మీద ఒక బోర్డు తగిలించాడు. కళాకారులకు కావాల్సిన డాక్యుమెంట్లు ఇక్కడ దొరుకుతాయన్నది ఆ బోర్డు అర్థం. కామర్స్ చదివినవాళ్లకు ఈ ఆలోచన వెంటనే అర్థమవుతుంది. పెయింటర్‌కు చెట్టు బొమ్మ వేయాలని ఉంటుంది, అడవికి వెళ్లే టైం ఉండదు. నాటకాల సెట్టింగులు వేసేవాడికి పాతకాలం మెట్ల వరస కావాలి. ఆర్కిటెక్ట్‌కు ఇనుప గ్రిల్ డిజైన్ కావాలి. ఇలాంటివాళ్లందరికీ రెఫరెన్స్ కోసం ఫోటోలు తీసి చవగ్గా అమ్మడమే వ్యాపారం. కస్టమర్ ఎవరో, వాళ్లకేం కావాలో ముందే తెలుసుకుని సరుకు తయారుచేశాడన్నమాట.

లెక్కలు చాలా పక్కాగా ఉండేవి. ప్రతి నెగెటివ్ మీదా నంబర్ గీకేవాడు. ప్రతి ప్రింట్ వెనకా ఏ వీధి, ఏ ఇల్లు అన్నది పెన్సిల్‌తో రాసేవాడు. పూలు, చెట్లు, పాత పారిస్, వీధి వృత్తులు అంటూ సరుకును ఖానాలుగా విడదీశాడు. కస్టమర్ల పేర్లు, అడ్రసులు, ఎవరికి ఏది కావాలి, ఏ టైంలో కలవాలి అన్నవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. కస్టమర్లకు చూపించడానికి చేత్తో కుట్టుకున్న కాగితపు ఆల్బమ్‌లు చంకన పెట్టుకుని తిరిగేవాడు. అందులోంచి ప్రింట్ నచ్చితే అప్పటికప్పుడు తీసి అమ్మడమే.

ఇది గొప్ప లాభాల వ్యాపారమేం కాదు. అయినా ఇల్లు గడిచింది. 1899లో మోంపర్నాస్ ప్రాంతంలో కాంపాన్య్ ప్రెమియేర్ అనే వీధిలోని ఇంటికి మారి, చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు.

కూలుతున్న పాత పారిస్

అట్జే కెమెరా ఎటు తిరిగిందో తెలియాలంటే అప్పటి పారిస్‌లో ఏం జరుగుతోందో తెలియాలి. 1853 నుంచి 1870 మధ్య బారన్ ఓస్మాన్ అనే అధికారి చక్రవర్తి మూడో నెపోలియన్ హుకుంతో నగరాన్ని అడ్డంగా కోసి కొత్తగా కట్టాడు. ఇరుకు సందులు పోయి పొడవాటి వెడల్పు రోడ్లు వచ్చాయి. డ్రైనేజీ, నీళ్లు, పార్కులు వచ్చాయి. దాంతోపాటు వేల ఇళ్లు నేలమట్టమయ్యాయి, పేదలు ఊరి అంచులకు వెళ్లిపోయారు. ఓస్మాన్ దిగిపోయాక కూడా కూల్చివేతలు ఆగలేదు. 1900లో మెట్రో రైలు మొదలైంది. ఆ తవ్వకాలు ఒకపక్క, కొత్త రోడ్లు ఇంకోపక్క.

మిగిలిన కాస్త పాత నగరం కూడా పోతుందనే బెంగ చదువుకున్నవాళ్లలో మొదలైంది. 1897లో పాత పారిస్ కోసం నగర పాలక సంస్థ ఒక కమిషన్ వేసింది. పాత కట్టడాల జాబితా రాయడం, కూల్చే ముందు రికార్డు చేయడం దాని పని. సరిగ్గా ఆ రోజుల్లోనే అట్జే కూడా పాత పారిస్ మీద పడ్డాడు. మార్కెట్ ఎటు పోతోందో ఆయనకు అర్థమైంది. అయితే ఒక్క మార్కెట్ కోసమే అయితే 30 ఏళ్లు ఎవరూ అంటిపెట్టుకుని ఉండరు. ఆ వీధుల మీద ఆయనకు ప్రేమ ఉంది.

మారే అనే పేట సంగతి చూద్దాం. ఒకప్పుడు అక్కడ నవాబుల దేవిడీల్లాంటి పెద్ద భవనాలు ఉండేవి. ఫ్రెంచి విప్లవం తర్వాత ఆ కులీన కుటుంబాలు పోయాయి, భవనాలు మిగిలాయి. వాటిల్లో వర్క్‌షాపులు వచ్చాయి, గోడౌన్లు వచ్చాయి, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం అద్దెకు దిగింది. చెక్కడాలున్న గుమ్మం పక్కనే పీపాలు, గుర్రపు బండి చక్రాలు. అట్జే ఆ గుమ్మాన్నీ తీశాడు, ఆ పీపాలనూ తీశాడు. ఫ్రేమ్ అందంగా రావాలని పీపాలు పక్కకు జరిపించలేదు. నూరేళ్ల తర్వాత ఆ ఫోటోలకు వచ్చిన విలువలో సగం ఇందులోనే ఉంది. ఆ భవనాన్ని ఎవరు కట్టించారో చరిత్ర పుస్తకంలో దొరుకుతుంది. చివరికి అందులో ఎవరు ఎలా బతికారో మాత్రం అట్జే ఫోటోలో దొరుకుతుంది.

పారిస్ నగర చరిత్ర గ్రంథాలయం, కార్నవాలే మ్యూజియం, నేషనల్ లైబ్రరీ, లలిత కళల కళాశాల ఇలా ఒక్కో సంస్థా ఆయన ప్రింట్లు కొనడం మొదలుపెట్టాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కూడా కొన్నది. 1906లో నగర చరిత్ర గ్రంథాలయం ఏకంగా పాత పేటలను వరసగా, వీధి తర్వాత వీధిగా తీయమని పని అప్పగించింది. పేట మ్యాప్ ముందు పెట్టుకుని ఇల్లిల్లూ దాటుతూ తీయడమన్నమాట.

20 కిలోల సరంజామా, పొద్దుటి వెలుగు

ఆ పని ఎంత కష్టమో ఇవాళ ఫోన్‌తో తీసేవాళ్లకు ఊహకు అందదు. ఆయన వాడింది చెక్కతో చేసిన, మడతల తిత్తి ఉన్న పాతకాలం కెమెరా. ఫిల్మ్ లేదు, గాజు పలకలే. ఒక్కో పలక 18 సెంటీమీటర్ల వెడల్పు, 24 సెంటీమీటర్ల పొడవు. కెమెరా, పలకలు, మూడు కాళ్ల చెక్క స్టాండు అన్నీ కలిపితే 20 కిలోల దాకా బరువు. అదంతా మోసుకుని బస్సుల్లో, నడకన తిరిగేవాడు. గాజు కాబట్టి ఎక్కడైనా కాలు జారితే ఆ రోజు పనంతా ముక్కలే.

ఎక్కువగా పొద్దున్నే బయల్దేరేవాడు. దుకాణాలు తెరవకముందు, బండ్ల రద్దీ మొదలవకముందు పని కానిచ్చేవాడు. అందుకే ఆయన వీధులు చాలావరకు ఖాళీగా కనిపిస్తాయి. వెలుగు తక్కువ కాబట్టి లెన్స్ మూత ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఆ సమయంలో ఎవరైనా నడిచి వెళ్తే ఫోటోలో మనిషి పడడు, పొగలాంటి మరక పడుతుంది. ఆయన ఫోటోల్లో అక్కడక్కడా దయ్యాల్లా కనిపించే ఆకారాలు అవే. ఎత్తైన భవనం మొత్తం ఫ్రేములో పట్టాలని లెన్స్‌ను పైకి జరిపేవాడు. దాంతో పై మూలలు రెండూ నల్లగా, గుండ్రంగా వచ్చేవి. కస్టమర్‌కు కావాల్సింది భవనం, మూలలు నల్లగా ఉంటే ఏంటని ఆయన వాటిని అలాగే వదిలేశాడు.

ప్రింట్లు తీయడం కూడా ఇంట్లోనే. కోడిగుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితం మీద గాజు నెగెటివ్ పెట్టి, ఫ్రేములో బిగించి ఎండలో ఉంచేవాడు. సూర్యుడే ప్రింటింగ్ మెషీన్. తర్వాత బంగారు లవణం కలిపిన ద్రావణంలో ముంచితే ఆ ముదురు గోధుమ రంగు నిలబడేది. ఎన్‌లార్జ్ చేయడం అంటూ లేదు. పలక ఎంతో ప్రింట్ అంతే. అందుకే ఆ ఫోటోల్లో గోడ పగుళ్లు, అంటించిన పోస్టర్ల అక్షరాలు, రాళ్ల మధ్య తడి కూడా స్పష్టంగా కనిపిస్తాయి.

1908లో సేన్ నది ఒడ్డున ఒక తాగుడు దుకాణం గుమ్మం తీశాడు. పైన డోలు బొమ్మతో బోర్డు ఉంటుంది. తలుపు అద్దం వెనక నిలబడ్డ మనిషి మొహం కనిపిస్తుంది. అదే అద్దంలో స్టాండు మీద కెమెరా, పక్కన అట్జే నీడలా పడ్డారు. తనను తాను చూపించుకోని మనిషి, తెలిసో తెలియకో అలా పట్టుబడ్డాడు.

రోజూ కనిపించే మనుషులు

ఖాళీ వీధుల ఫోటోగ్రాఫర్‌గానే చాలామందికి అట్జే తెలుసు. కానీ 1898 నుంచి రెండు మూడేళ్లు ఆయన మనుషులనే తీశాడు. వీధుల్లో తిరిగి రోజీ సంపాదించుకునేవాళ్లు ఆ ఫోటోల్లో ఉన్నారు. గొడుగులు అమ్మేవాడు, దీపాల షేడ్లు భుజాన వేలాడదీసుకుని తిరిగేవాడు, కత్తులకు సానపెట్టేవాడు, బుట్టలు అమ్మేవాడు, రొట్టెల బండి తోసుకెళ్లే ఆడమనిషి, చిత్తు సామాన్ల మూటలతో నిండిన బండి లాగేవాడు, రోడ్డుకు తారు పోసే కూలీలు.

వీళ్లలో బాగా పేరొచ్చిన ఫోటో ఒకటుంది. గడ్డం ముసలాయన చేత్తో తిప్పే వాయిద్యం పెట్టె పక్కన నిలబడి ఉంటాడు. పక్కనే పొట్టిగా ఉన్న ఒక పాట పాడే అమ్మాయి తలెత్తి ఆకాశంలోకి చూస్తూ నవ్వుతుంటుంది. ఆ నవ్వులో జాలి పడాల్సిందేమీ కనిపించదు. తన పని తాను చేసుకుంటున్న మనిషి సంతోషమే కనిపిస్తుంది. పెద్ద షాపులు వచ్చాక ఈ వీధి వ్యాపారాలు ఒక్కోటీ మాయమవుతున్న రోజులవి. కూలుతున్న భవనాలను ఎలా తీశాడో, పోతున్న వృత్తులనూ అలాగే లెక్కలోకి తీసుకున్నాడు. ఈ వరసలోని 80 ఫోటోలు 1904లో పోస్టుకార్డులుగా అచ్చయ్యాయి.

1910లో పారిస్ ఇళ్ల లోపలి గదుల మీద ఒక ఆల్బమ్ తయారుచేసి నేషనల్ లైబ్రరీకి అమ్మాడు. కూలీ ఇల్లు, వ్యాపారి ఇల్లు, నటుడి ఇల్లు అంటూ శీర్షికలు ఉంటాయి. వీటిల్లో నటుడి ఇల్లుగా చూపించినది అట్జే సొంత ఇల్లేనని పరిశోధకులు తేల్చారు. దుకాణాల మీద, బోర్డుల మీద, గుర్రపు బళ్ల మీద, కోట గోడల మీద కూడా ఇలాంటి ఆల్బమ్‌లు చేశాడు.

మురికి నది, గోడ అవతలి బస్తీ

పారిస్‌కు సేన్ నది ఉందని అందరికీ తెలుసు. బియెవ్ర్ అనే ఇంకో చిన్న నది కూడా ఉండేది. దాని ఒడ్డున తోళ్లు శుద్ధి చేసేవాళ్లు, బట్టలకు రంగులద్దేవాళ్లు పనిచేసేవారు. వందల ఏళ్లు వాళ్ల వ్యర్థాలన్నీ అందులోనే. నది కాస్తా మురుగు కాలువైంది. మూసీ పక్కన పెరిగినవాళ్లకు ఈ కథ కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. నగరంలో ఆ నదిని మెల్లమెల్లగా పైన కప్పేశారు. 1912 నాటికి పారిస్ లోపల అది పూర్తిగా భూమి కిందికి పోయింది. కప్పేయకముందు అట్జే దాని ఒడ్డున నిలబడి తీశాడు. తోళ్లు ఆరబెట్టే చెక్క మేడలు, నీళ్లలోకి దిగే మెట్లు, గోడల నీడ. ఆ నది పారిస్‌లో ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఇప్పటికీ ఆ ఫోటోల దగ్గరికే వెళ్తారు.

అలాగే నగరం చుట్టూ 1840లలో కట్టిన కోట గోడ ఉండేది. గోడ బయట ఒక పట్టీ మేర భూమిలో సైన్యం అవసరాల కోసం పక్కా ఇళ్లు కట్టకూడదని రూలు. కాబట్టి అక్కడ ఎవరు ఉంటారు? ఊళ్లో చోటు దొరకనివాళ్లు. చెత్త ఏరుకునేవాళ్లు రేకులతో, చెక్కలతో గుడిసెలు వేసుకున్నారు. పారిస్ పెద్దమనుషులు అటు వెళ్లడానికే భయపడేవారు. అట్జే 20 కిలోల కెమెరా మోసుకుని అక్కడికి కూడా వెళ్లాడు. గుడిసె ముందు పిల్లలతో నిలబడ్డ కుటుంబాలను, గుట్టలుగా పోసిన చెత్తను, చక్రాల బండి ఇళ్లను తీశాడు. 1913లో వాటిని ఆల్బమ్‌గా కట్టి నేషనల్ లైబ్రరీకే అమ్మాడు. ప్రభుత్వం లెక్కలో లేని బస్తీని ప్రభుత్వ లైబ్రరీ బీరువాలో పెట్టించాడు. ఆయన చేసిన పనుల్లో ఇది చిన్నదేం కాదు.

10,000 ఫ్రాంకుల బేరం

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. వాలెంటీన్ కొడుకు ఆ యుద్ధంలో చనిపోయాడు. అట్జేకు పని దాదాపు ఆగిపోయింది. బాంబుల భయంతో గాజు నెగెటివ్‌లను ఇంటి కింది సెల్లార్‌లో దాచాడు. యుద్ధం ముగిసేసరికి ఆయనకు అరవై దాటాయి. పాత కస్టమర్లు తగ్గిపోయారు.

1920లో ప్రభుత్వ లలిత కళల శాఖ అధిపతి పాల్ లేయోన్‌కు ఒక ఉత్తరం రాశాడు. సారాంశం ఏంటంటే, 20 ఏళ్లకు పైగా సొంత ఖర్చుతో పాత పారిస్ వీధులన్నీ తిరిగి తీశాననీ, పాత పారిస్ మొత్తం తన దగ్గర ఉందనీ, వయసు పైబడుతోందనీ, వారసులు లేరనీ, దీని విలువ తెలియనివాళ్ల చేతిలో పడి పాడైపోతుందని భయమనీ రాశాడు. ప్రభుత్వం 2,621 నెగెటివ్‌లు కొన్నది. ఇచ్చింది 10,000 ఫ్రాంకులు. లెక్క వేస్తే ఒక్కోదానికి నాలుగు ఫ్రాంకులు కూడా పడలేదు.

ఇవాళ్టి ధరలతో పోల్చి ఇది మోసమని అనడం తేలిక. కానీ అట్జే కోణంలో చూస్తే ఇది ఆయన కుదుర్చుకున్న మంచి బేరం. సరుకు భద్రమైన చోటికి చేరింది. ఆ డబ్బుతో ముసలితనంలో ఎవరి ఆర్డరూ లేకుండా తనకు నచ్చింది తీసుకునే వీలు దొరికింది. చివరి ఏడేళ్లలో వెర్సాయ్, సెయింట్ క్లౌడ్, సో పార్కుల్లో తిరిగాడు. ఎండిన చెరువులు, పాచి పట్టిన విగ్రహాలు, వంకర తిరిగిన చెట్టు వేళ్లు తీశాడు. బట్టల షాపుల అద్దాల ముందు నిలబడి, లోపలి బొమ్మ మనుషుల మీద ఎదుటి వీధి భవనాల ప్రతిబింబం పడేలా తీశాడు. ఆయన గొప్ప ఫోటోల్లో చాలా ఈ కాలంవే.

పేరు వేయొద్దన్న మనిషి

ఆ వీధిలోనే కొన్ని ఇళ్ల అవతల మాన్ రే అనే అమెరికన్ కళాకారుడు ఉండేవాడు. సర్రియలిస్టులు అనే కొత్తతరం గుంపులో పేరున్నవాడు. ఈ ముసలాయన ఫోటోల్లో కలలాంటి వింతేదో కనిపించి నలభై దాకా ప్రింట్లు కొన్నాడు. 1926లో ఆ గుంపు నడిపే పత్రికలో అట్జే ఫోటోలు కొన్ని వేశారు. ఒకటి ఏకంగా కవర్ మీద వచ్చింది. 1912 ఏప్రిల్ 17న సూర్యగ్రహణం రోజు బాస్తీల్ చౌరస్తాలో జనమంతా ఒకేవైపు తలలెత్తి చూస్తున్న ఫోటో అది. పేరు వేస్తామంటే అట్జే వద్దన్నాడు. అవి డాక్యుమెంట్లే తప్ప ఇంకేం కావన్నది ఆయన లెక్క.

మాన్ రే దగ్గర అసిస్టెంట్‌గా పనిచేసిన బెరెనిస్ ఆబట్ అనే అమెరికన్ అమ్మాయి 1925లో ఆ ఫోటోలు చూసింది. ఒకసారి చూసి వెళ్లిపోలేదు. ఆయన ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లి, తనకున్న కొద్ది డబ్బుతో ప్రింట్లు కొన్నది. 1927లో తన స్టూడియోకు పిలిచి ఆయన ఫోటో తీసింది. అతుకుల పని బట్టలతో వస్తాడనుకుంటే మంచి ఓవర్‌కోటు వేసుకొచ్చాడట. నడుము వంగిపోయిన, అలసిన మనిషి ఆ ఫోటోలో ఉన్నాడు. ప్రింట్లు తయారుచేసి చూపించడానికి ఆమె వెళ్లేసరికి ఆయన లేడు.

ఇక్కడే కథ వేరే దారిలో వెళ్లి ఉండొచ్చు. వారసులు లేని మనిషి ఇల్లు ఖాళీ చేసినప్పుడు గాజు పలకలు ఎక్కడికి పోతాయో మనకు తెలుసు. ఆబట్ వదల్లేదు. అట్జే పాత నాటకాల స్నేహితుడు ఆంద్రే కాల్మెత్ దగ్గర మిగిలిన సామాను ఉందని కనుక్కుని 1928లో కొన్నది. వెయ్యికి పైగా నెగెటివ్‌లు, వేల ప్రింట్లు. వాటిని ఓడలో న్యూయార్క్ తీసుకెళ్లింది. 1930లో పుస్తకం వచ్చేలా చూసింది. నలభై ఏళ్లు కాపాడి, 1968లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కు అప్పగించింది. ఆ మ్యూజియం 1981 నుంచి 1985 మధ్య నాలుగు ప్రదర్శనలు పెట్టి అట్జేను ప్రపంచానికి పూర్తిగా చూపించింది. అంతేకాదు, ఆబట్ తాను కూడా 1930లలో న్యూయార్క్ వీధుల్లో తిరిగి, మారిపోతున్న ఆ నగరాన్ని అట్జే పద్ధతిలోనే రికార్డు చేసింది. ఒకరి పని ఇంకొకరికి దారి చూపడమంటే ఇదే.

మన గల్లీల సంగతి

అట్జే పారిస్‌లో తిరుగుతున్న రోజుల్లోనే హైదరాబాద్‌లో కూడా నగరం రూపు మారుతోంది. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1905లో చనిపోయారు. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద వచ్చి ఒడ్డునున్న మొహల్లాలను తుడిచిపెట్టింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి ఇరుకు బస్తీలు తీసేసి కొత్త రోడ్లు వేసింది. దీన్ దయాళ్ స్టూడియో పుణ్యమా అని ఆ కాలపు ప్యాలెస్‌లు, దర్బార్లు, వేటలు, నవాబులు ఎలా ఉండేవారో మన కళ్లారా చూడగలుగుతున్నాం. అదే మొహల్లాల్లో భిస్తీ నీళ్లు పోసే గల్లీ, గాజులు చేసే గది, మామూలు ఇంటి దహ్లీజ్ ఎలా ఉండేవో చూద్దామంటే అంత తేలిగ్గా దొరకవు. అట్జే లాంటి మనిషి ఉన్న ఊరికీ లేని ఊరికీ తేడా ఇదే.

ఎర్రమంజిల్ లాంటి పెద్ద భవనం కూల్చాలనుకున్నప్పుడు జనం కోర్టుకు వెళ్లారు, 2019లో హైకోర్టు ఆపింది. పెద్ద భవనాలకు మాట్లాడేవాళ్లు ఉంటారు. గల్లీలో ఉన్న డంగు సున్నం గోడకు, చెక్క జాలీ కిటికీకి, నలభై ఏళ్ల ఇరానీ హోటల్ బోర్డుకు ఎవరుంటారు? ఒక రోజు జేసీబీ వస్తుంది, సాయంత్రానికి ఖాళీ జాగా.

ఇప్పుడు అందరి చేతిలో కెమెరా ఉంది. 20 కిలోలు మోయాల్సిన పనిలేదు. ఫోటోలైతే రోజుకు లక్షల్లో తీస్తున్నాం. కానీ ఏ గల్లీ, ఏ ఇల్లు, ఏ సంవత్సరం అన్నది ఎవరూ రాయరు. ఫోన్ పాడైతే అవి కూడా పోతాయి. అట్జే ఫోటోలు నిలబడ్డాయంటే కారణం లెన్స్ ఒక్కటే కాదు. నెగెటివ్ మీద నంబర్ ఉంది, ప్రింట్ వెనక అడ్రస్ ఉంది, సరుకు చేరాల్సిన లైబ్రరీ ఏదో ఆయనకు తెలుసు. మన మొహల్లాలో కుర్రాళ్లు నలుగురు కలిసి ఇదే పద్ధతిలో తమ పేటను ఇల్లిల్లూ తీసి, పేరూ తేదీ రాసి, రెండు చోట్ల దాచి, ఒక కాపీ దగ్గర్లోని లైబ్రరీకి ఇస్తే ఖర్చు పెద్దగా ఏమీ అవదు.

అట్జే కూల్చివేతలను ఆపలేదు, ఆపే శక్తి ఆయనకు లేదు. ఆయన ఫోటో తీసిన చాలా ఇళ్లు ఇవాళ లేవు. మారే పేటను కాపాడిన చట్టం ఫ్రాన్స్‌లో 1962లో వచ్చింది, అప్పటికి ఆయన పోయి 35 ఏళ్లు. కానీ ఏం పోయిందో, ఏం మిగిలిందో ఆ ఊరికి లెక్క తెలుసు. ఆ లెక్క రాసింది స్టేజీ మీద గొంతు పోగొట్టుకున్న ఒక చిన్న నటుడు.